హిమాలయాల్లో నేను తవ్విన చెరువు

నిన్న ఆఫీసులో పాత పటాల పెట్టె తెరవగానే గుడ్డ అతికించిన కాగితాల వాసన, దానితోపాటు కలరా ఉండల ఘాటు ముక్కుకు తగిలాయి. వెంటనే రత్నమ్మగారు గుర్తొచ్చారు.

హోసూరులోని ఒక చిన్న కంపెనీలో, నా మొదటి ఉద్యోగంలో, ఆమె నా పై అధికారి. పక్కనే ఉన్న బేరిగై ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. మంచు చూసింది ఫ్రిజ్‌లోనే. అయినా హిమాలయాల పాత సర్వే పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే పనంతా ఆమె చేతిమీదే నడిచేది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పోయే సన్నని గోధుమరంగు గీతలను మౌసుతో దిద్దడం నా పని. వారం తిరిగేసరికి అవి నాకు సేమియాలా కనిపించసాగాయి.

ఆమె అది కనిపెట్టి, ఒక ఆదివారం దగ్గర్లోని రాయకోట కొండ పటం నా చేతికిచ్చి ఆ కొండ ఎక్కించారు. పటంలో గీతలు ఇరుకైన చోట కొండ నిట్టనిలువుగా లేచింది, నేను రొప్పుతూ కూలబడ్డాను. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దదైన ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పై మెట్టు మీద నిలబడి, "గీతలు దగ్గరైతే ఏమవుతాదో ఇప్పుడు తెలిసిందాప్పా? ఇంక మౌసు నిదానంగా నడిపించు" అన్నారు.

నిదానం వచ్చింది కాని బుద్ధి రాలేదు. ఒక లోయలో గుండ్రటి మరక కనిపిస్తే చెరువనుకుని నీలం రంగు నింపేశాను. ఆ పటం కొండలెక్కేవాళ్లను తీసుకెళ్లే ఒక సంస్థకు వెళ్లిపోయింది. ఇంత చక్కని చెరువు మరే పటంలోనూ లేదని, వచ్చే వారం దాని గట్టునే గుడారాలు వేస్తామని వాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. అనుమానం వచ్చి రత్నమ్మగారు అసలు కాగితం మీద భూతద్దం పెట్టారు. ఎప్పుడో ఏ దొరో టీ కప్పు పెట్టిన గుర్తు అది.

ఉద్యోగం పోతుందన్న భయంతో, ఎవరూ గమనించరులే వదిలేద్దామన్నాను. ఆమె కోప్పడలేదు. "నీళ్లుండాయని నమ్మి పోతారప్పా ఆడికి. పోయినాక ఏం తాగుతారు?" అన్నారు. నా ముందే ఫోన్ తీసి, "సార్, ఆ చెరువు మేము తవ్విందే. టీ మరకకు నీలం రంగు వేసినాము. తప్పు నాది, సరిగా చూడలేదు" అని చెప్పారు. అవతలి మనిషి పగలబడి నవ్వడం నాకూ వినిపించింది. మా యజమాని మాత్రం నవ్వలేదు. వారం రోజులు ఆమెను తిట్టాడు. నా పేరు ఆమె నోట రాలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. అర్థంకాని చోట రంగు నింపకుండా 'తెలియదు' అని రాయిస్తాను. నా దగ్గర పనిచేసేవాళ్లు పొరపాటు చేస్తే ఫోన్ నేనే తీసి, తప్పు నాదని చెబుతాను.