సుగుణ మేడం రాయించిన ఉత్తరం

వానాకాలంలో ఆఫీసు ఏసీ చలిలో తడిసిన కార్పెట్ వాసన వస్తే ఇప్పటికీ నాకు కుర్చీలో కుదురుండదు. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో కొత్తగా లేచిన భవనంలో, ఈ వాసన మధ్యే సుగుణ మేడం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవారు. వరంగల్ మనిషి, మా టీమ్‌కు పెద్ద. నేను రాసిన ప్రోగ్రామును ఆవిడ వరుస వరుసా నిదానంగా చదువుతుంటే నాకు ఒళ్లు మండేది.

అప్పుడు ఒక ప్రైవేటు కాలేజీకి సీట్ల వెబ్‌సైటు చేశాం. సీటు వద్దనుకున్న విద్యార్థి లాగిన్ అయి ఒక లింకు నొక్కితే చాలు, రద్దయిపోయేది. ఆ లింకు నాదే. ఒక్క నొక్కుతో పనైపోతుందని గొప్పలు కూడా చెప్పుకున్నాను. వారం తిరక్కుండా మూసాపేట నుంచి ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. తను సీటు వదులుకోలేదట. నెట్ సెంటర్లో లాగిన్ అయి, లాగౌట్ చేయకుండానే ఎవరో పంపిన బొమ్మల పేజీ చూసిందట, అంతే. నేను రికార్డు తీసి చూపించాను.

"రద్దు మీ లాగిన్ నుంచే వచ్చిందండి. మీరే రద్దు చేశారు" అన్నాను. ఆ తండ్రి అందరి ముందూ కూతుర్ని తిట్టాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను.

మధ్యాహ్నం మేడం నాకొక పేజీ పంపారు. తెరిస్తే గోల్కొండ ఫొటో. ఇగ నీ సీటు చూస్కో అన్నారు. సైటు పనిచేస్తోందో లేదో చూడడానికి నా పేరున పెట్టుకున్న సీటు రద్దయి ఉంది. ఫొటో కింద కంటికి కనిపించని చిన్న బొమ్మ ఒకటి పెట్టి, దాన్ని తెచ్చుకోవలసిన చిరునామాగా నా రద్దు లింకునే ఇచ్చారావిడ. పొద్దున్నుంచీ నేను లాగిన్ అయ్యే ఉన్నాను కాబట్టి, బొమ్మ తేబోయిన బ్రౌజరు నా గుర్తింపును కూడా మోసుకెళ్లింది. రద్దు చేయమని నేనే అడిగాననుకుంది సర్వరు. ఆ అమ్మాయి చూసిన బొమ్మల పేజీలోనూ ఇదే జరిగి ఉండాలి.

"నీ పేరుతోనే వచ్చింది. మరి నువ్వు అడిగినవా?" అన్నారు మేడం.

సాయంత్రానికి ఆ లింకు తీయించి, దాని బదులు పెట్టిన ఫారంతో సహా ప్రతి ఫారంలో ఒక రహస్య సంఖ్య పెట్టించారు. మా పేజీ నుంచి కాక బయటినుంచి వచ్చే అభ్యర్థనకు ఆ సంఖ్య తెలియదు, కాబట్టి సర్వరు దాన్ని ఒప్పుకోదు. తర్వాత నా చేత ఆ తండ్రికి ఉత్తరం రాయించారు. పొరపాటు జరిగిందని రాస్తే కొట్టేసి, ఎవరు చేసిండ్రో రాయమన్నారు. తప్పు నాదేనని రాశాను.

మర్నాడు ఇద్దరం మూసాపేట వెళ్లాం. సీటు అప్పటికే వేరొకరికి వెళ్లిపోయింది, ఇక తిరిగి రాదు. తండ్రి ఉత్తరం రెండుసార్లు చదివి, తలెత్తకుండా కూతురికిచ్చాడు. ఆ అమ్మాయి నన్ను ఒక్కటే అడిగింది.

"నేను నొక్కుడు చూడకుండనే నేనే చేసిన్నని ఎట్ల చెప్పిండ్రు సార్?"

నేను మేడం వైపు చూశాను. ఆవిడ కళ్లతోనే ఆ అమ్మాయి వైపు చూపించారు. ఆ తర్వాత ఎన్నో వెబ్‌సైట్లకు తాళాలు బిగించాను. ఎవరైనా తాము చేయలేదంటే, రికార్డు తీసేముందు వాళ్లేం చూశారో అడుగుతాను.