పడవ ఆగిన మధ్యాహ్నం

మా మామ చనిపోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నాన్న పొలానికి బయలుదేరుతున్నాడు. భుజం మీది పార దించి గోడకు ఆనించాడు. వీధి చివర ఉన్న మామ ఇంటికి నడిచాడు. మేము వెనకాలే వెళ్ళేసరికి నాన్న చెప్పులు ఆ గడప ముందు ఉన్నాయి. అమ్మ కాసేపు వాటినే చూసింది. ఆ తర్వాతే ఏడ్చింది.

మామ అమ్మకు తమ్ముడు. కురుగోడు అవతల ఒక పిల్లకాలువ మీద ముందు ఆయన చేను, ఆ తర్వాత కాలువ చివర మాది. చాలా ఏళ్ళ కిందట ఒక ఎండాకాలం, మా వంతు సగంలో ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. నారు ఎండింది. మామే తూము మూశాడని నాన్న పదిమందిలో అన్నాడు. మూయలేదని మామ ఒక్కసారి చెప్పాడు. నాన్న వినలేదు. మామ మళ్ళీ చెప్పలేదు.

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మోక ఊరికి పోయే బస్సులో ఒకరు ముందు తలుపున ఎక్కితే ఇంకొకరు వెనక తలుపున ఎక్కేవాళ్ళు. మామ తన చేలో కాసిన సొరకాయలు గట్టు మీద పెట్టి వెళ్ళేవాడు. అమ్మ తెచ్చి వండేది. ఎక్కడివని అడగకుండా నాన్న తినేవాడు. మామకు ఆయాసం మొదలయ్యాక అమ్మకు ఒకటే దిగులు పట్టుకుంది.

"నా తమ్ముడు పోయినా మీ నాయన ఆ గడప తొక్కడేమో" అనేది నాతో.

మామ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాలువలో దిగేముందు చెప్పులు విడిచి, నీళ్ళలో పాదం పెట్టి వేగం చూసేవాడు. తన వంతు అయిపోగానే పార భుజాన వేసుకునేవాడు. "మన వంతు అయినంక తూము కాడ నిలబడకూడదప్పా, చూసేవానికి అనుమానమొస్తాది" అనేవాడు. ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా అనేవాడు.

పోయినేడు మా పక్కనున్న వలస రైతుల క్యాంపులో స్థిరపడిన కోస్తా రైతు ఒకాయన తన కొడుకు పెళ్ళి సొంత ఊళ్ళో చేశాడు. మా ఇంటివాళ్ళనూ మామ ఇంటివాళ్ళనూ తానే రైలెక్కించాడు. చివర్లో రోడ్డు తెగిపోయి ఉండడంతో ఉప్పుటేరు మీద పడవ మాట్లాడాడు. అది ప్రతి రేవులోనూ ఆగుతూ నత్తలా సాగింది. నాన్న ఈ కొసన, మామ ఆ కొసన. నడుమ అమ్మ, అత్త, ఇంటి నుంచి తెచ్చిన ఉడికించిన శెనక్కాయల మూట.

ఇద్దరూ కాయలు వలిచి పొట్టు నీళ్ళలో వేస్తూ, అది పోయే వేగం చూస్తున్నారు. కాలువ చివరి రైతులకు నీళ్ళు కనబడితే చేతులు ఊరుకోవు. మధ్యాహ్నం ఆ పొట్టు ఉన్నట్టుండి నిలిచిపోయింది. కాసేపటికి మా వైపే వెనక్కి రాసాగింది.

నాన్న లేచి నిలబడ్డాడు. "కింద యాడో తూము మూసినారు!"

"ఔ బావా, ఎవడో పలక దింపినాడు!" మామ కూడా లేచాడు.

"ఇన్నేండ్లకు మాట్లాడినారు, ఇప్పుడు పడవ ముంచొద్దండి" అంది అత్త.

పడవవాడు నవ్వాడు. "కింద తూమెక్కడిదండీ, సముద్రమే ఉంది. పోటొచ్చిందండి. అది తగ్గేదాకా ఈ రేవులో ఆగాల్సిందే. కూర్చోండి బాబూ."

పొట్టు చూడడానికని నాన్న అప్పటికే మామ కొసకు వచ్చేశాడు. అక్కడే కూర్చున్నాడు. వెనక్కి పోతున్న పొట్టును చూపించి పడవవాణ్ణి అడిగాడు.

"అయితే ఎవరూ మూయకనే నీళ్ళు నిలుస్తాయంటావా?"

"నిలవడమేంటండీ, వెనక్కే పోతాయి."

"ఆ పొద్దు నేను మూయలేదు బావా" అన్నాడు మామ, నీళ్ళ వైపు చూస్తూ.

"సాకు బిడప్పా, ఇంక చాలు. ఈ మాట చెప్పేకి నన్ను సముద్రం కాడికి పిల్చుకొని రావల్లనా?"

"ఊర్లో చెప్తే వినింటివా నువ్వు?"

నాన్న మూట దగ్గరకు లాగి మామ ముందు పెట్టాడు. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, ఒకే కాయను ఎంతసేపో వలిచింది.

నాన్న ఆ మాట నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తిరిగొచ్చాక మాత్రం మామ సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, టీ సాసర్లో పోసుకుని తాగేవాడు. ఆయాసం ఎక్కువైన రోజు నాన్నే వెళ్ళేవాడు. పాడె మోసినప్పుడు ముందు కొమ్ము పట్టింది కూడా నాన్నే. మామ లేడన్న బాధ ఉంది. కానీ మాటలు కలవకముందే ఆయన పోనందుకు ఆ రాత్రి మా ఇంట్లో అందరం నిద్రపోగలిగాం.

మామ అంటే నాకు ఆ రేవే గుర్తొస్తుంది. రెండు కొసల్లో వేసిన పొట్టు ఒకచోట కలిసి, ఆగి ఉన్న పడవను దాటి, మేము వచ్చిన దిక్కుకే మెల్లగా పోతోంది. నాన్న, మామ పక్కపక్కన కూర్చుని, మెడలు తిప్పి, అది కనబడినంత దూరం చూస్తున్నారు.