టీచరమ్మ థర్మాకోల్ మనుషులు

మా పక్కింటి డ్రాయింగు టీచరమ్మ మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. పాలాయన చెబితే నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే గోడమీంచి కరివేపాకు అందుకున్న మనిషి! ఇంకెవరో అయ్యుంటారని గొణుక్కుంటూ వెళ్తే, నిజమే. నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది, దాచుకోవడం దేనికి?

రిటైరయ్యాక ఆవిడ గవరపాలెంలో మా పక్కన దిగి బొమ్మలు మొదలుపెట్టారు. థర్మాకోల్ ఉండ తల, కోసుగా ఉండే ముక్క ఒళ్లు, రెంటినీ కలపడానికి టూత్‌పిక్. పైన పల్చటి కాగితం తెల్ల జిగురుతో అంటించి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, రంగులు వేసేవారు. కళ్లకి మాత్రం బ్రష్షు కాదు, అగరొత్తి పుల్ల. క్రిస్మస్‌కి వాళ్లింట్లో పేర్చే పశువుల పాకలో గొల్లలంతా మా వీధివాళ్లే! బెల్లం షావుకారి బొజ్జ, ఇస్త్రీ ఆయన వంగిన మెడ నేను ఇట్టే పట్టేశాను. నిలదీస్తే నవ్వేవారు.

"ఎవరి మొఖమేటి చెల్లీ? థర్మాకోల్ మొఖం! తెల్లగా ఉన్నంతసేపూ అందరూ ఒక్కలాగే ఉంటారు. కనుబొమ్మ దగ్గరే మనిషి బయటపడతాడు."

ఆ మాట నాకే తగిలేలా అన్నారనుకున్నాను. ఎందుకంటే పాకలో ఓ మూల ఒక ఆడబొమ్మ ఉండేది. నుదురు ముడేసి, మూతి బిగించి, అందరినీ ఓరగా చూస్తూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఇది నేనేనా?" అన్నాను.

"నువ్వనుకుంటే నువ్వే," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే, కొంగులో దాచుకెళ్లిన గోళ్లరంగు తీసి ఆ నుదుటి ముడి మీద పులిమాను. నాకేం తెలుసు? కాగితం నానింది, లోపలి థర్మాకోల్ కరిగింది, నుదురు గుంటపడిపోయింది. బొమ్మని గోడవైపు తిప్పేసి, ఏమీ ఎరగనట్టు టీ తాగి వచ్చాను.

ఆ సాయంత్రమే ఆవిడ మాడుగుల హల్వా పట్టుకుని వచ్చారు. "తిను చెల్లీ, మెత్తగా ఉంది." అన్ని రోజులుండగా ఆ రోజే ఎందుకు తెచ్చారు? తెలిసి తెచ్చారా? మూడేళ్లు ఆ ముఖంలోకి అదేపనిగా చూశాను, ఏమీ చిక్కలేదు. బొమ్మ మాత్రం ఏటా తలకి గుడ్డ చుట్టుకుని అదే మూల కూర్చునేది. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఖననం అయిన మూడో రోజు వాళ్లమ్మాయి బీరువా సర్దుతుంటే ఆ బొమ్మ బయటికొచ్చింది. ఇక ఆగలేకపోయాను. "దీన్ని పాడుచేసింది నేనేనమ్మా. నన్నిలా చేశారని కోపమొచ్చి..."

ఆ పిల్ల తెల్లబోయింది. "నువ్వేటి పిన్నీ? అది అమ్మే కదా! అద్దం ముందెట్టుకుని సేసుకుంది."

ఆవిడ నుదురు కరిగించి, మూడేళ్లుగా ఆవిణ్ణే అనుమానిస్తున్నాను. అయినా నా సిగ్గులేనితనం చూడండి, "మరి నేను లేనా ఇందులో?" అని అడిగాను.

అమ్మాయి కింది అరలోంచి బిస్కట్ల డబ్బా తీసింది. "ఇయ్యన్నీ నువ్వే. 'మీ పిన్ని నవ్వు సిక్కట్లేదే, నా దగ్గర ఒక్కసారీ సరిగ్గా నవ్వదు' అనేది."

పదకొండు తలలు. నా జన్మలో నన్ను అంతగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూశాను. కళ్లు నావే, కనుబొమలు నావే. మూతి ఉండాల్సిన చోట పెన్సిలుతో గీసి చెరిపేసిన మరక, పదకొండింటికీ.