ఒకే పోస్టుకి ఇద్దరం

ఆరేళ్ళపాటు నేను అడిలైడ్‌లో ఒక యూనివర్సిటీ మైక్రోబయాలజీ ల్యాబులో క్యాజువల్‌గా పనిచేశాను. క్యాజువల్ అంటే సెమిస్టర్ నడిచినన్నాళ్ళే పని. పరీక్షలు మొదలయ్యే వారం ల్యాబ్ మేనేజర్ నుంచి ఒక మెయిల్ వచ్చేది. ఈసారికి ఇంతే, మళ్ళీ ఫిబ్రవరిలో పిలుస్తాను అని. ఫిబ్రవరిలో పిలవకపోతే ఎందుకు పిలవలేదని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆవిడ ప్రతి ఏడూ పిలిచింది. అందుకని నేను దాన్ని ఉద్యోగమనే అనుకుంటూ వచ్చాను.

విద్యార్థుల ప్రాక్టికల్స్‌కి కావలసినవన్నీ సిద్ధం చేయడం నా పని. బ్యాక్టీరియా పెరగడానికి అగార్ అనే జెల్లీ లాంటి పదార్థం కాచాలి. దాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టి, తీసి, కాస్త చల్లారాక గాజు మూతల్లాంటి చిన్న ప్లేట్లలో పోయాలి. ఆటోక్లేవ్ అంటే మనిషంత ఎత్తున్న ప్రెషర్ కుక్కర్ అనుకోండి. సోమవారం క్లాసుకి గురువారం నుంచే మొదలుపెట్టేదాన్ని. అగార్‌లో కలిపే ఈస్టు ఉడికిన వాసన జుట్టుకి పట్టుకుని ఇంటికి వచ్చినా వదిలేది కాదు. ఆ పని నాకు ఇష్టం. ప్లేట్లు వరసగా గడ్డకట్టి, ఒక్క బుడగ లేకుండా, లేత పసుపు రంగులో మెరుస్తుంటే చూడడం ఇష్టం. ఈ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద పని కాదనుకునేదాన్ని.

మా ఆయన అదే యూనివర్సిటీలో, వేరే బిల్డింగులో రీసెర్చ్ చేసేవారు. మేం ఈ దేశం వచ్చిందే ఆయన పీహెచ్‌డీ కోసం. గుంటూరులో ఎమ్మెస్సీ చేసి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్న నేను ఆయన వెంట వచ్చాను. పీహెచ్‌డీ అయ్యాక ఒక ప్రొఫెసర్ గ్రాంటు మీద రెండేళ్ళు, ఇంకొకరి గ్రాంటు మీద మూడేళ్ళు, ఇలా కాంట్రాక్టుల మీదే నడిచింది. సిటిజన్‌షిప్ వచ్చింది, మాసన్ లేక్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం, అమ్మాయి హైస్కూలుకి వచ్చింది. ఆయన ఉద్యోగం మాత్రం ఎప్పుడు చూసినా ఫలానా నెలాఖరు వరకే ఉండేది.

ఆ ఏడు గ్రాంటు రాలేదు. జూన్‌తో కాంట్రాక్టు ఆఖరని ముందే చెప్పేశారు. అప్పటి నుంచి ఆయన లెక్చరర్ ఖాళీలన్నిటికీ అప్లై చేయడం మొదలుపెట్టారు. పెర్త్, టౌన్స్‌విల్, హోబార్ట్, ఎక్కడ పడితే అక్కడ. వచ్చే జవాబులన్నీ ఒకే తీరుగా ఉండేవి. చాలామంది అర్హులు పోటీపడ్డారు, మీకు శుభం కలగాలి అని. ఒక్కచోట మాత్రం ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. మా బెడ్‌రూములో లాప్‌టాప్ ముందు కోటు వేసుకుని కూర్చుని మాట్లాడారు. బయటికి వచ్చి, "ఈసారి బాగానే చేశాననిపిస్తోంది" అన్నారు. నెల తర్వాత అక్కడే పనిచేస్తున్న వాళ్ళెవరికో ఇచ్చారని తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఖాళీల సంగతి ఎత్తడం మానేశారు.

నా సంగతి వేరుగా ఉంది. మా ల్యాబులో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న టెక్నీషియన్ రిటైరయ్యాడు. అతని జాగా నింపుతారో లేదో తెలియక మేనేజరూ నేనూ ఒక సెమిస్టరంతా లాక్కొచ్చాం. ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను తన గదిలోకి పిలిచింది. ఆవిడ అరవైకి దగ్గరపడిన ఆస్ట్రేలియన్, అందర్నీ లవ్ అని పిలుస్తుంది.

"లవ్, ఒప్పుకున్నారు. టెక్నికల్ ఆఫీసర్, పర్మినెంట్. బయటికి అడ్వర్టైజ్ చేయక తప్పదు. నువ్వు మాత్రం తప్పకుండా అప్లై చెయ్యి" అంది.

ఇంటికి వెళ్ళే ట్రైనులో ఫోను తీసి ఆ ప్రకటన చదివాను. నేను రోజూ చేసే పనులన్నీ అందులో పెద్ద పెద్ద మాటల్లో ఉన్నాయి. దిగాల్సిన స్టేషను వచ్చేసరికి మూడోసారి చదువుతున్నాను.

ఇక్కడ ఉద్యోగానికి అప్లై చేయాలంటే బయోడేటా ఒక్కటే పంపితే చాలదు. వాళ్ళు కోరిన ప్రతి అర్హతకీ, అది మనకుందని రుజువు చేస్తూ విడిగా రాయాలి. నేను వారం రోజులు కూర్చుని రాశాను. శనివారం డైనింగ్ టేబుల్ దగ్గర మా ఆయన దిద్దిపెట్టారు.

"ప్రతి చోటా 'వియ్' అని రాశావు. 'ఐ' అని ఉండాలి" అన్నారు.

"నేనొక్కదాన్నే చేయలేదు కదండీ."

"అది వాళ్ళకి అనవసరం. నువ్వేం చేశావో అది చెప్పాలి."

అన్నీ మార్చాను. చదువుకుంటే ఎవరో గొప్పలు చెప్పుకుంటున్నట్టు అనిపించింది. అయినా అలాగే పంపేశాను.

గడువు ముగియడానికి నాలుగు రోజుల ముందు, సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే ఆయన తుడిచిపెడుతున్నారు. ఉన్నట్టుండి అన్నారు.

"ఒక మాట. ఆ టెక్నికల్ ఆఫీసర్ పోస్టుకి నేను కూడా వేద్దామనుకుంటున్నా."

నాకు ముందు అర్థం కాలేదు. "ఏ పోస్టుకి?"

"మీ ల్యాబులోదే."

"మీరా? అక్కడ ప్లేట్లు పోయాలండీ. సీసాలు కడగాలి."

"తెలుసు."

"పీహెచ్‌డీ వాళ్ళని తీసుకోరేమో."

"తీసుకోకపోతే నీకే వస్తుంది, మంచిదేగా. ఇద్దరం వేస్తే మనింట్లో ఒకరికి వచ్చే చాన్స్ పెరుగుతుంది. జూన్ తర్వాత నాకు ఏమీ లేదు. అన్ని యూనిలకీ వేశాను, నీకు తెలుసుగా." తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టి, "నువ్వు వద్దంటే వెయ్యను" అన్నారు.

వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. చెబితే, రేపు ఎవరికీ రాకపోతే, ఆ నేరం నాదవుతుంది. ఆయన ముఖం చూశాను. నాలుగు నెలల్లో గడ్డం దగ్గర తెల్లబడిపోయింది. "వెయ్యండి" అన్నాను. నా జవాబులన్నీ ఆయన దిద్దినవేనని, వాళ్ళకి ఏం కావాలో నా కాగితాలు చూసే ఆయనకి తెలిసిందని ఆ తర్వాత స్ఫురించింది. ఆయనకి ఆ ఆలోచన వచ్చి ఉండదు. నాకు వచ్చింది, పోలేదు.

ఇద్దరికీ ఇంటర్వ్యూ ఒకే మంగళవారం పడింది. ఆయనకి పదింటికి, నాకు పదకొండున్నరకి. కలిసే ట్రైనెక్కాం. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా ఆయనే అన్నారు, "ప్రశ్నల గురించి మనం మాట్లాడుకోకూడదు. మిగతా వాళ్ళకి అన్యాయం అవుతుంది." సరే అన్నాను.

లైబ్రరీ కింది అంతస్తులో కూర్చుని ఎదురుచూశాను. ఆయన పదకొండుకి వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఎలా జరిగింది?"

"ఫర్వాలేదు."

"ఏం అడిగారు?" నోరు జారింది.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "అనుకున్నాం కదా" అన్నారు. లేచి వెళ్ళి నాకు టీ తెచ్చిపెట్టారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. పెళ్ళయినప్పటి నుంచీ నేను నలుగురిలో చెప్పుకునే గుణం అది. ఆ రోజు మాత్రం ఆ గుణం కాస్త తక్కువగా ఉంటే బాగుండేదనిపించింది.

లోపల ముగ్గురున్నారు. మా మేనేజర్, నాకు ముఖపరిచయం ఉన్న ఒక లెక్చరర్, హెచ్ఆర్ నుంచి ఒక అమ్మాయి. ల్యాబులో ప్రమాదం జరిగినప్పుడు మీరేం చేశారో ఒక ఉదాహరణ చెప్పమన్నారు. నాకు మంచి ఉదాహరణే ఉంది. ఒకసారి మైక్రోవేవ్‌లో కరిగించిన అగార్ సీసా పొంగి ఒక విద్యార్థిని చేతి మీద పడింది. నేనే ఆ పిల్ల చేతిని ఇరవై నిమిషాలు కుళాయి కింద పట్టుకుని నిలబడ్డాను. అంబులెన్స్ పిలిచాను, రిపోర్టు రాశాను, మర్నాడు సీసాలు తీసే పద్ధతే మార్పించాను. ఇదంతా చెప్పాను. హెచ్ఆర్ అమ్మాయి పెన్ను ఆపి అడిగింది.

"మీరు వియ్, వియ్ అంటున్నారు. వియ్ అంటే ఎవరు?"

"మేనేజర్, నేను" అన్నాను. మేనేజర్ ఎదురుగానే ఉంది. ప్రమాదం జరిగిన రోజు ఆవిడ సెలవులో ఉంది. ఆవిడ తల దించుకుని కాగితం వంక చూసింది. దిద్దుకుందామనుకునే లోపే తర్వాతి ప్రశ్న అడిగేశారు.

మరుసటి వారం శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది, ఆయనకి. పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నారు. వంటింటి కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. చెవి దగ్గర ఫోను, ఇంకో చేతిలో క్లిప్పులు. చాలాసేపు విన్నారు, రెండుసార్లు థాంక్యూ అన్నారు. ఫోను పెట్టేశాక వెంటనే లోపలికి రాలేదు. తీగ మీద మిగిలిన బట్టలన్నీ తీసి, మడతపెట్టి, అప్పుడు వచ్చారు.

"నాకిచ్చారు" అన్నారు.

"మంచిదేగా."

"నువ్వు ఆ రోజు వద్దని ఉంటే..."

"ఆ మాట ఇంక అనకండి" అన్నాను. బట్టలు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం వీధి చివర ఉండే తెలుగు ఆంటీ వాళ్ళింట్లో పూజకి వెళితే అందరూ కంగ్రాట్స్ చెప్పారు. నేనూ వేశానని ఆంటీకి తెలుసు. ప్రసాదం పెడుతూ నా చెయ్యి నొక్కి, "ఎవరికొస్తే ఏంటమ్మా, ఇంట్లోకే కదా వచ్చింది" అంది. ఆవిడ ఓదార్చడానికే అంది. నేను నవ్వి తలూపాను. తర్వాత చాలా రోజులు ఆ మాట నన్ను పట్టుకుని ఉంది. ఇంట్లోకి వచ్చింది, నిజమే. అది వచ్చాక ఇంట్లో నేను చేసేది ఏమిటో మాత్రం తెలియలేదు.

మేనేజర్ నన్ను పిలిచి సర్దిచెప్పింది. "నీ పని నాకు తెలుసు లవ్. ప్యానెల్లో మిగతా ఇద్దరికీ తెలియాలి కదా. అతను చాలా స్పష్టంగా చెప్పాడు" అంది. ఆ తర్వాత కొంచెం ఇబ్బందిగా, "రెండు వారాలు ఉండి అతనికి పని అప్పగించగలవా? నీకంటే బాగా ఎవరూ నేర్పలేరు" అంది. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నావని మా అమ్మాయి అడిగింది, ఇంగ్లీషులో.

నేర్పాను. ఆయన సొంతంగా పోసిన మొదటి రోజు ప్లేట్లన్నీ పాడయ్యాయి. వేడి మీదే పోసేశారు, మూతల నిండా నీటి బొట్లు. "సీసాని అరచేత్తో పట్టుకుని చూడండి. చెయ్యి ఓర్చుకునేంత వేడికి వచ్చాకే పోయాలి" అన్నాను. ఆయన బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నారు. నేనేం చెప్పినా ఎదురు చెప్పలేదు.

రెండో వారంలో, ఇదివరకు ఆయన ఎవరి గ్రాంటు మీద పనిచేశారో ఆ ప్రొఫెసర్ ల్యాబులోకి వచ్చాడు. ఇద్దరి పేర్లూ కలిసి అచ్చయిన పేపర్లు చాలా ఉన్నాయి. మా ఆయన్ని చూసి, "ఓ, నువ్వింకా ఇక్కడే ఉన్నావా, గుడ్" అన్నాడు. తనకి కావలసిన ప్లేట్ల ఆర్డర్ ఫారం బల్ల మీద పెట్టి, "థర్స్‌డేకి కావాలి, మేట్" అని వెళ్ళిపోయాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదది. ఆయన నో వర్రీస్ అన్నారు. తర్వాత పోస్తున్న ప్లేటు పొంగి బల్లంతా అగార్ అయింది. నేను తుడుస్తుంటే, "నువ్వుండు, నేను తుడుస్తా" అని గుడ్డ లాక్కున్నారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం అందరూ తినే టీ రూములో కాకుండా, కింద సైకిళ్ళు పెట్టే చోట బెంచీ మీద తినేవారు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తిన్నాం.

ఫిబ్రవరిలో నాకు పిలుపు రాలేదు. పర్మినెంట్ మనిషి ఉన్నాక క్యాజువల్ అక్కర్లేదు. కొన్ని నెలలు చూసి, ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ పరికరాలు కడిగి స్టెరిలైజ్ చేసే విభాగంలో చేరాను. కిటికీలు లేని గది. కత్తెరలు, పట్టకార్లు లెక్కచూసి ట్రేలలో సర్దడం. అక్కడ ఏమీ పెరగకూడదు. నాకు తెలిసిన పనిలో సగమే అక్కడ పనికొచ్చింది.

ఆయన పనిలో ఉండగా నాకు ఫోను చేస్తూ ఉంటారు. ఫలానా స్టాక్ ఎక్కడ పెట్టేదానివి, ఫలానా బ్యాక్టీరియాని ఎన్ని గంటలు పెంచాలి అని. టీ బ్రేకులో నిలబడి అన్నీ చెబుతాను. పోయినేడు ఒకసారి, గాలి తగలకుండా బ్యాక్టీరియా పెంచే డబ్బాల సంగతి అడిగారు. నాలుగున్నాయి, ఏది సరిగ్గా మూతపడుతుందో తెలియడం లేదు, మర్నాడే క్లాసు అని. నాకు తెలుసు. రెండింటికి రబ్బరు వాషర్లు తారుమారయ్యాయి, మార్చి పెడితే సరిపోతుంది.

"గుర్తులేదండీ" అన్నాను.

"కొంచెం ఆలోచించు."

"లేదు."

"సరేలే, ఏదోటి చూస్తా" అని పెట్టేశారు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం అన్నం తింటూ, క్లాసులో సగం మంది ప్లేట్ల మీద ఏమీ పెరగలేదని చెప్పారు. పిల్లలు నిరాశపడ్డారట. నన్నేమీ అడగలేదు. నేను పెరుగు వడ్డించి, వాషర్ల సంగతి చెప్పాను, అప్పుడే గుర్తొచ్చినట్టు. ఆయన తలెత్తి నన్ను చూశారు. నమ్మారో లేదో నాకు తెలియదు. "రేపు మారుస్తాలే" అని తినడం ముగించి, కంచం తీసుకుని లేచారు.