మా ఊరి నీళ్ల కాగితం

మా కెమిస్ట్రీ సారు పోయారని మొన్న పొద్దున సైదాబాద్ నుంచి వాళ్ల కోడలు ఫోన్ చేసింది. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆయన ఇన్నేళ్లూ ఎవరి మీద కోపంగా ఉన్నారో, వాళ్లకు ఆయన పోయిన సంగతి కూడా తెలియదు.

మాది నల్లగొండ పల్లె, ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. నా చిన్నప్పుడు పట్నం నుంచి పరిశోధకులు జీపులో వచ్చి బోరు నీళ్లు, పాత బావి నీళ్లు సీసాల్లో పట్టుకున్నారు. ఎముకలు వంకరపోతున్న అమ్మ కాళ్లను ఫొటో తీసి, వేలిముద్ర వేయించుకుని వెళ్లారు. మళ్లీ ఆ ముఖాలు చూడలేదు. మావాళ్లేమో బావికి పాచి పట్టిందని రేకులు కప్పేసి, తేటగా వస్తున్నాయని బోరు నీళ్లే తాగారు. తేటగా ఉంటే మంచినీళ్లని మా నమ్మకం.

తర్వాత నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో చేరాను. తెలంగాణ ఉద్యమం రోజులు, వారంలో సగం బంద్. సారు ఫ్లోరైడ్ పాఠం చెబుతుంటే లేచి ఆ జీపు సంగతి చెప్పాను. ఆయన చాక్‌పీస్ అక్కడే పడేసి నన్ను పక్కనున్న నెట్ సెంటర్‌కి తీసుకుపోయారు. మా ఊరి పేరుతో పరిశోధన పేపర్ దొరికింది. పైన నాలుగు వాక్యాలే కనిపించాయి. మిగతాది చదవాలంటే దాన్ని అచ్చేసిన విదేశీ పత్రిక డాలర్లు కట్టమంది.

"నీళ్లు మీయి, బొక్కలు మీ అమ్మయి, ఖర్చయిన సర్కారు సొమ్ము మనందరిది. కాగితం ఎవనిది బిడ్డా?" అని అరిచారు. నెట్ సెంటరంతా తిరిగి చూసింది.

పేపర్ రాసినాయనకే ఉత్తరం పెడితే, పాపం, వెంటనే కాపీ పంపాడు. "సూసినవా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడు" అన్నారు సారు. అందులో స్పష్టంగా ఉంది: ఫ్లోరైడ్ చేటంతా బోరు నీళ్లలోనే, పాత బావి నీళ్లు క్రిములు చచ్చేలా కాచుకుంటే చాలా నయం అని. అచ్చయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ అమ్మ బోరు నీళ్లే తాగింది. మెడ, నడుము కొయ్యబారిపోయాయి.

సారు ఆ సంగతంతా తెలుగులో రాశారు. బంద్ రోజే జిరాక్స్ షాపాయన చేత షట్టర్ సగం లేపించారు. ఆయనది గుంటూరు.

"మాస్టారూ, వాళ్ల పేపర్లోది కదా, ఇది కాపీ తీస్తే తప్పేమోనండీ?" అని నసిగాడు.

"దాచిపెట్టుడు తప్పు కాదా? జర మిషిన్ ఆన్ చెయ్యన్నా."

తీశాడు. తర్వాత జిగురు డబ్బా కూడా తనే తెచ్చాడు. మూసిన షట్టర్ల మీద వరసగా అంటించాం. కింద సారు చేతిరాత: 'సదివి ఇంకొకలకు చెప్పుండ్రి.' అటుగా వచ్చిన ఊరేగింపు ఆగి చదివింది. "మన నీళ్లు మనకే అనుడు సరే, నీళ్లల్ల ఏమున్నదో తెల్వద్దా?" అని సారు వాళ్లనీ వదల్లేదు. ఆ కాగితం మా ఊరు చేరాకే బావి మీది రేకులు లేచాయి. అమ్మకు మాత్రం అప్పటికే ఆలస్యమైంది.

మొన్న సారు దహనమయ్యాక ఇంటికొచ్చి నెట్‌లో మళ్లీ వెతికాను. ఆ పేపర్ ఇంకా తాళం వెనకే ఉంది, ఇంకా డాలర్లే అడుగుతోంది. సిగ్గు లేదు.

ఫోన్ వచ్చిన ఆ పొద్దున, సారును చూడ్డానికి అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. సారును వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. కాళ్లకు మొక్కి పూలు పెట్టాలని ఆమె కోరిక. నడుము వంగదు కదా, ఆమె చేతిలోని పూలు అందుకుందామని నేను చెయ్యి చాపాను.

"నువ్వు పెట్టకు బిడ్డా, నేనే పెడ్త" అంది.

నిలబడే, చెయ్యి ఎంత కిందికి పోతే అంత కిందికి దించి, వేళ్లు విప్పింది. బంతిపూలు ఒక్కొక్కటే సారు పాదాల మీద పడ్డాయి.