జత పాముకి భయపడ్డ పిల్ల

మా చిన్నప్పుడు... పొయ్యిలోకి నాలుగు పుల్లలు తెమ్మని అమ్మ పంపితే, కుడితి గోలెం పక్కనున్న కట్టెల మోపు మీద చెయ్యి వేశాను. చల్లగా ఏదో తగిలి కదిలింది. నా అరుపుకి పక్కింటి బాబాయి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రెండు నిమిషాల్లో దాని పని అయిపోయింది. బారెడు పాము... చచ్చాక కూడా తోక చాలాసేపు ఆడుతూనే ఉంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

అంతటితో పోయేదే. మా పెద్దమ్మ వచ్చి చూసి, "దీని జత ఈడే యాడో ఉంటది. ఊరికే వదలదు. చూపిచ్చినోళ్ళనే పట్టుద్ది" అంది. చూపించింది నేనే కదా!

ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే ఇల్లు మాది. అయినా పాము పగ దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళో అందరిదీ ఒకటే నమ్మకం. దీపాలు పెట్టాక దాని పేరు కూడా ఎత్తనిచ్చేవాళ్ళు కాదు, 'పురుగు' అనాలంతే.

ఆ వేసవంతా నేను బావి చేద తాడు చూసినా దడుచుకున్నాను. నులక మంచం మీంచి కాలు కింద పెట్టాలంటే ప్రాణం పోయేది. అమ్మ మాత్రం నన్ను గోడవైపుకి జరిపి, తను ఇవతల పడుకుని, "నన్ను దాటి రావాల గదా... రానీ చూద్దాం" అనేది.

అలాంటి నేను... మొన్న బర్మింగ్‌హామ్‌లో పాముని ఎంచుకోవడానికి షాపుకి వెళ్ళాను. నవ్వకండి.

ఇక్కడ ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పని నాది. మా అమ్మాయి షారోన్‌కి పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. కుక్కపిల్లని అడుగుతుందేమో అనుకుంటుంటే పాముని పెంచుకుంటానంది. ఏడాది ఆగు, వాటి గురించి అంతా చదువు, అప్పుడు చూద్దాం అన్నాను. మర్చిపోతుందిలే అని నా ధీమా. అది లైబ్రరీలో ఉన్న పాముల పుస్తకాలన్నీ నమిలేసింది. సరిగ్గా ఏడాది తిరగ్గానే వచ్చి నా ముందు నిలబడింది. వాళ్ళ నాన్నకేమో ఆ శనివారం డ్యూటీ పడింది. నాకు తప్పలేదు.

షాపులో వరసగా గాజు పెట్టెలు... లోపల అడుగు పెట్టగానే అరచేతులకి చెమటలు పట్టేశాయి. షాపాయన పెద్ద వయసు మనిషి, నిదానస్తుడు. మొదటిసారి పెంచేవాళ్ళకి కార్న్ స్నేక్ మంచిదట. విషం ఉండదు, మరీ పెద్దదవదు, కోపం తక్కువ. పక్క పెట్టెలోని చిన్నజాతి కొండచిలువ కూడా నెమ్మదే గానీ తిండి దగ్గర మొండికేస్తుందట. షారోన్ ఆయన్నే ఎదురు ప్రశ్నలు వేసింది... కళ్ళు తేటగా ఉన్నాయా, పొలుసుల సందుల్లో పేలు ఉన్నాయా, ఎలుకని పెడితే వెంటనే తింటోందా అని. ఎర్రగా మెరిసిపోతున్న పిల్లపాముని వదిలేసి, ఏడాది వయసున్న గోధుమరంగు దాన్ని చూపించి "దిస్ వన్, మమ్" అంది. బాగా తింటుందట, అందుకని.

అప్పుడాయన నా వైపు తిరిగాడు. ఇంట్లో పెద్దవాళ్ళు చేత్తో పట్టుకోలేకపోతే పాముని ఇవ్వడట. "ఇది ఇరవై ఏళ్ళు బతకొచ్చు. పిల్ల చదువుకని వెళ్ళిపోతే చూసేది నువ్వే కదమ్మా" అన్నాడు. షారోన్ నా ముఖం వంక చూసింది. ఏడాదంతా ఆగిన పిల్ల... బతిమాలనైనా లేదు.

చేతులు చాచాను. పొడిగా, గోరువెచ్చగా ఉంది. అది నాలుక ఆడిస్తూ మణికట్టు చుట్టుకుని స్వెటర్ చేతిలోకి దూరబోయింది. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే అడిగేశాను... "దీని జత ఎక్కడుంది?"

నేను రెండోది కూడా అడుగుతున్నాననుకున్నాడు ఆయన. "ఒక్కటి చాలు. ఇవి ఒంటరిగానే ఉంటాయి. జతకట్టే కాలంలో కలుస్తాయి, ఆ తర్వాత దేని దారి దానిది. ఒకటి చచ్చిపోయినా రెండోదానికి తెలియదు" అన్నాడు.

అంటే... ఆ వేసవంతా నేను భయపడిన పాము అసలు లేనే లేదన్నమాట. ముప్పై ఏళ్ళ తర్వాత, చేతికి పాము చుట్టుకుని ఉండగా ఆ సంగతి తెలిసింది. నవ్వొస్తుందనుకున్నాను, లేని పాముకి అడ్డంగా పడుకున్న అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. షారోన్ కంగారుగా "కరిచిందా మమ్?" అని అడిగింది.

తెచ్చుకున్నాం. నెల దాటింది. ఫ్రీజర్‌లో నా చేపల పక్కన దాని తిండికి కొన్న చచ్చిన ఎలుకలు. జత సంగతి తెలిసినంత మాత్రాన భయం పోతుందా? పోలేదు. రోజూ ఆ పెట్టె మూత పడిందో లేదో రెండుసార్లు తడిమి చూస్తాను. షారోన్ నన్ను చూసి నవ్వుతుంది. తన గదిలో, ఆ పెట్టె పక్కనే, హాయిగా ఒక్కతే పడుకుంటుంది.

పిల్లలకి మనకున్నన్ని భయాలు లేకపోవడం మంచిదే... కాదనను. కానీ "అమ్మా, భయమేస్తోంది" అంటూ షారోన్ నా దుప్పట్లోకి దూరి ఎన్నాళ్ళైందో లెక్కే తెలియడం లేదు. మీ పిల్లలు ఇంకా వస్తున్నారా?