పిన్నీ, నేనూ, ఒకే ట్యూబూ

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తన ముఖాన్ని మించిన సమస్య లోకంలో ఉండదు. నాకైతే ఆ రోజుల్లో అస్సలు లేదు. హసన్‌పర్తిలో ఒక కాలేజీ ఫ్రంట్ ఆఫీసులో కొత్తగా చేరాను. బస్సు దిగి రోజూ ఎండలో నడక. నెల తిరిగేసరికి నల్లబడ్డానని దిగులు పట్టుకుంది. (అద్దం తప్ప ఎవరూ ఆ మాట అనలేదు.) మా వీధి మెడికల్ షాపన్న డాక్టరు చీటీ అడగకుండానే సన్నటి ట్యూబు ఒకటి చేతిలో పెట్టాడు. "పండుకునే ముందు జరంత రాసుకో చెల్లె. వారంల మెరుస్తవ్, ఫికర్ చెయ్యకు!"

నిజంగానే మెరిశాను. చర్చి పాటల బృందంలో వెనక వరసలో ఉండే నన్ను ముందుకు పిలిచారు. (గొంతు మాత్రం పాతదే.) ట్యూబులు మాత్రం ఎందుకో తొందరగా అయిపోయేవి. ఇంట్లో ఉన్నది అమ్మ, అక్క, బట్టలు కుట్టే పిన్ని. అనుమానమంతా అక్క మీదే. "నా ట్యూబు ముట్టినవా?" అంటే, "నీ మొఖానికే సరిపోతలేదు, నాకెందుకే!" అని కసిరింది.

మూడు నెలలకు కథ తిరగబడింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, మొటిమలు లేచాయి, పై పెదవి మీద నూగు మీసం మొదలైంది. రాయడం మానేస్తే కారం పూసినట్టు మంట, రాస్తే చల్లారేది, కాబట్టి రాస్తూనే ఉన్నాను. క్రిస్మస్ పాటకు పది రోజులుందనగా సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా, చున్నీ చుట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. దవాఖాన బెంచీ మీద ఒకావిడ ముఖం నిండా కొంగు కప్పుకుని కూర్చుంది. ఆ చెప్పులు మా గుమ్మం ముందు రోజూ చూసేవే.

"పిన్నీ?"

కొంగు జారింది. పంటినొప్పని ఇంట్లో కూడా కొంగు తీయనిది ఇందుకేనన్నమాట. అచ్చం నా బుగ్గలే!

"నీ ట్యూబే బిడ్డా... రోజు పప్పుగింజంత తీసుకున్న. నువ్వు మెరుస్తాంటె నాకూ మనసైంది" అంది నేల చూస్తూ. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఇద్దరం మండే బుగ్గలు పట్టుకుని నవ్వాం.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇది స్టెరాయిడ్ మందమ్మా. కొన్ని జబ్బులకు, కొన్ని రోజులకే మేము రాస్తం. నెలలకొద్ది మొఖానికి పూస్తే చర్మం పల్చబడ్తది, సన్న నరాలు పైకి కనిపిస్తయి. ఆపితే కొన్నాళ్లు మండుతది, ఓర్చుకోవాలె. నేను చెప్పిన తీరుగ ఆపుండ్రి."

ఆ క్రిస్మస్‌కు ఎర్రటి బుగ్గలతోనే పాడాను. ఎర్రటి బుగ్గలతోనే పిన్ని చప్పట్లు కొట్టింది. పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది. నా బుగ్గ మీద సన్నటి ఎర్ర గీతలు రెండు ఇప్పటికీ ఉన్నాయి. అప్పటి ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే తిట్టను. ఆమె ముఖం ముందే బాగుందని చెప్పాలనుంటుంది. నమ్మదని నాకు తెలుసు. అయినా చెప్తాను.